ఇంజనుకు తొలివేడి

గోదావరికి ఉత్తరమున, సత్మల కొండల నడుమ నున్న ఆదిలాబాదు ప్రాంతము చలికి పేరుపొందినది. డిసెంబరు, జనవరి మాసములలో ఆకాశము నిర్మలముగా ఉన్న రాత్రులందు నేల తన వేడిమిని వికిరణము ద్వారా త్వరగా కోల్పోవును. ఉత్తరమునుండి వీచు పొడిగాలి దానికి తోడగును. సిర్పూరు, తిర్యాణి వంటి చోట్ల కొన్ని సంవత్సరములలో కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువకు పడిపోయినది. అదే ప్రాంతములో మే నెలలో పగటివేడి 45 డిగ్రీలు దాటుటయు కలదు.

ఇట్టి చలి మనుష్యులను మాత్రమే గాక యంత్రములను కూడ పట్టును. రాత్రియంతయు ఆరుబయట నిలిచిన పాత డీజిలు లారీ తెల్లవారుజామున ఒక పట్టున కదలదు. స్టార్టరు మూలుగును, గొట్టమునుండి తెల్లని పొగ వచ్చును, కాని ఇంజను అందుకొనదు. నిప్పును కడుపులో పెట్టుకొని పనిచేయు యంత్రమునకు చలి బాధ యేమిటని విద్యార్థులు అడుగుట సహజము. ఇంజను తన వేడిని తానే పుట్టించుకొనును, నిజమే. కాని ఆ మొదటి నిప్పు అంటుకొనుటకు కావలసిన వేడి మాత్రము దానికి ఎవరో సమకూర్చవలెను. ఈ తొలివేడిని మానవుడు ఎట్లు సమకూర్చుచు వచ్చెనో తెలిసికొనుట ఇంజనుల చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయము.

బయటి చలి లోపల పెరుగుట

పెట్రోలు ఇంజనులో ఇంధనమును విద్యుత్ రవ్వ అంటించును. డీజిలు ఇంజనులో రవ్వ లేదు. పిస్టను గాలిని గట్టిగా అదుమును. అదిమిన గాలి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి చిమ్మబడిన డీజిలు తనంతట తానే మండును. కావున డీజిలు ఇంజను ప్రాణమంతయు సంపీడనమువలన పుట్టు వేడిలో ఉన్నది.

ఆ వేడి ఎంత? ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. సిలిండరులోని గాలి 16వ వంతునకు అదుమబడుననుకొందము. కొంత వేడి గోడలకు పోవును గనుక, సంపీడన సూత్రములోని ఘాతాంకమును 1.3 గా తీసికొందము. అప్పుడు గాలి యొక్క పరమ ఉష్ణోగ్రత సుమారు 2.3 రెట్లగును. బయటిగాలి 30 డిగ్రీలున్న యెడల, అనగా పరమమానములో 303 ఉన్న యెడల, సంపీడనము చివర గాలి సుమారు 424 డిగ్రీల సెంటిగ్రేడు చేరును. బయటిగాలి 5 డిగ్రీలైనచో అది 366 డిగ్రీలు మాత్రమే. శూన్యమునకు దిగువ 30 డిగ్రీల చలిలో 286 డిగ్రీలకు పడిపోవును.

ఇందులో ఒక విశేషమున్నది. మొదటి రెండు స్థితులకు బయట తేడా 25 డిగ్రీలు. లోపల తేడా 58 డిగ్రీలు. అనగా బయటి చలి సిలిండరులో 2.3 రెట్లు పెరిగి కనబడును. ఆదిలాబాదు చలి మనకు దుప్పటితో తీరునది. ఇంజనుకు మాత్రము అంతకు రెండింతలకు పైబడిన నష్టము.

కష్టము ఇంతటితో ఆగదు. చలిలో కందెన నూనె చిక్కబడును. ఒకే తరగతికి చెందిన పాతకాలపు చిక్కని ఇంజను నూనె 40 డిగ్రీల వద్ద ఉన్నదానికన్న 5 డిగ్రీల వద్ద సుమారు పది రెట్లు ఎక్కువ స్నిగ్ధత చూపును. ఆ నూనెను చీల్చుకొని తిరుగుటకు ఇంజనుకు ఎక్కువ బలము కావలెను. అదే సమయమున బ్యాటరీలోని రసాయనిక చర్య మందగించి, దాని శక్తి తగ్గును. గడ్డకట్టు చలికి దిగువ 18 డిగ్రీల వద్ద అది సుమారు సగమునకు పడిపోవును. బలము ఎక్కువ కావలసినపుడే బలము తక్కువగును. ఇంజను మెల్లగా తిరుగును. మెల్లగా తిరిగినందున గాలి పిస్టను అంచుల వెంట జారిపోవును, వేడి గోడలలోనికి పోవును. పై లెక్కలో చూపిన 366 డిగ్రీలు కూడ అప్పుడు అందవు. చలి ఈ విధముగా నాలుగు వైపులనుండి చుట్టుముట్టును.

నిప్పుతో మొదలైన చరిత్ర

ఆవిరి యంత్రము కాలములో తొలివేడి దాచిన విషయము కాదు. కాజీపేట నుండి రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా బల్హార్షాకు పోవు రైలుమార్గము 1929 నాటికి పూర్తియై, మద్రాసును ఢిల్లీతో సూటిగా కలిపెను. దానిపై నడిచిన ఆవిరి ఇంజనులకు చల్లని బాయిలరులో ఆవిరి పుట్టించుటకు గంటలకొలది నిప్పు వేయవలసి యుండెను. కావుననే ప్రయాణముల మధ్య నిప్పును పూర్తిగా ఆర్పక కాపాడుచుండిరి.

నూనె ఇంజనుల తొలిరూపమునకు కూడ బయటి నిప్పు తప్పలేదు. ఇంగ్లండునకు చెందిన హెర్బర్టు ఎక్రాయిడ్ స్టువర్టు 1890లో ఒక ఇంజనుకు పేటెంటు పొందెను. దాని సిలిండరు తలకు ఒక బుడ్డి వంటి గది యుండెడిది. ఇంజనును నడుపుటకు ముందు ఆ బుడ్డిని బ్లోల్యాంపు మంటతో కొన్ని నిమిషములు బాగుగా కాల్చవలెను. అటుపిమ్మట నూనె దానికి తగిలి మండును. ఇంజను నడచినంతసేపు బుడ్డి తన వేడితోనే కాగి యుండును. గ్రాంథమ్ పట్టణములోని హార్న్స్‌బీ కంపెనీ 1892 నుండి ఇట్టి ఇంజనులను తయారు చేసెను. జర్మనీలో 1921లో వెలువడిన లాంజ్ బుల్‌డాగ్ ట్రాక్టరు కూడ ఈ జాతిదే. నిప్పుదీపముతో ఇంజనుకు వేడి పెట్టిన తరువాతనే పొలమునకు పోవలెను.

రుడాల్ఫ్ డీజిల్ 1893లో పేటెంటు పొంది, 1897లో ఆగ్స్‌బర్గునందు విజయవంతముగా పరీక్షించిన ఇంజను ఈ దీపమును తొలగించెను. గాలిని మరింత గట్టిగా అదిమినచో ఆ సంపీడనపు వేడియే చాలునని అతడు చూపెను. దీపము పోయినది గాని, తొలివేడి అవసరము పోలేదు. దీపము చేయు పనిని ఇప్పుడు తిప్పువాని బలము చేయవలసి వచ్చెను. ఇంజనును తగినంత వేగముగా తిప్పగలిగిననే గాలి వేడెక్కును, లేనియెడల లేదు.

కరీంనగరు బావులపై

హైదరాబాదు రాష్ట్రములో ప్రభుత్వ బస్సులు 1932లో నిజాం రాష్ట్ర రైల్వే ఆధ్వర్యమున 27 బస్సులతో మొదలైనవి. ఆనాటి మోటారు బండ్ల ముందు ఇనుప హ్యాండిలు పెట్టి తిప్పుట సామాన్య దృశ్యము. అమెరికాలో కాడిలాక్ కంపెనీ 1912 నమూనా కార్లలో విద్యుత్ స్టార్టరును ప్రవేశపెట్టినను, బ్యాటరీ నీరసించిన ఉదయమున హ్యాండిలే దిక్కగుచుండెను. ఇంజను ఎదురుతన్నినచో హ్యాండిలు వెనుకకు తిరిగి మణికట్టు విరుగు ప్రమాదము కలదు.

పల్లెలలో ఈ హ్యాండిలు మరికొన్ని దశాబ్దములు నిలిచెను. కరీంనగరు జిల్లాలో సేద్యము చెరువులతోబాటు బావులపై ఎక్కువగా ఆధారపడి యుండెను. ఎద్దులతో మోట తోలి నీరు తోడు బావులపై క్రమముగా ఆయిలింజనులు వెలసినవి. పూనాలో 1946లో స్థాపింపబడిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వంటి కంపెనీల తయారీ వలన ఇవి దేశమంతటను రైతులకు అందుబాటులోనికి వచ్చెను. వీనికి బ్యాటరీ లేదు, స్టార్టరు లేదు. బరువైన చక్రము, హ్యాండిలు, రైతు భుజబలము — ఇవియే సాధనములు.

యాసంగి నారుమళ్లు పోయు కాలమును చలి ముదురు కాలమును ఒకటే. రాత్రి చలికి నారు ఎర్రబారి గిడసబారకుండుటకై, ఉదయముననే మడిలోని చల్లని నీటిని తీసివేసి కొత్త బావినీరు పెట్టుట మంచి పద్ధతి. భూగర్భమునుండి వచ్చు నీరు చలికాలపు తెల్లవారుజామున గాలికన్న ఎంతో వెచ్చగా నుండును. కాని ఆ వెచ్చని నీరు పైకి రావలెనన్న ఇంజను నడవవలెను. ఇంజను నడచుటకు ఆ వేళయే కష్టమైన వేళ. నారు చెడినచో పంటయే వెనుకబడును. కావున ఇంజను అందుకొనుట అనునది రైతుకు వినోదపు సమస్య కాదు.

ఆ కష్టమును దాటుటకు ఇంజనులోనే ఒక ఉపాయము అమర్చబడి యుండెను. సంపీడనమును సడలించు మీట ఒకటి వాల్వును తెరచి పట్టును. అప్పుడు గాలి అడ్డురాదు గనుక చక్రమును వేగముగా తిప్పవచ్చును. చక్రము జోరందుకొనగానే మీటను వదిలిన, ఆ చక్రములో నిల్వయున్న శక్తి పిస్టనును బలముగా తోసి గాలిని వేడెక్కించును, ఇంజను అందుకొనును. మిక్కిలి చలియైన యెడల నీటితొట్టిలో వేడినీరు పోయుట, సిలిండరులో కొద్ది చుక్కల కందెన నూనె వేసి పిస్టను అంచుల సందులను మూయుట కూడ ఆయిలింజనుల పనివారు ఎరిగిన పద్ధతులు. వేడినీరు పోయుట అనగా ఇంజను దిమ్మకు ముందుగా వేడి పెట్టుటయే. సూత్రము ఇక్కడనే ఉన్నది. శీతల దేశములు దానికి యంత్రరూపము నిచ్చినవి.

గడ్డకట్టు దేశములలో

కెనడా, అలాస్కా ప్రాంతములలో చలికాలపు ఉష్ణోగ్రత శూన్యమునకు దిగువ 30, 40 డిగ్రీలకు పోవును. అక్కడి తొలితరపు విమాన చోదకులు సాయంత్రము దిగగానే ఇంజనులోని నూనెను డబ్బాలోనికి దించి తమతో గుడిసెలోనికి తీసికొని పోవుచుండిరి. మరునాడు ఆ నూనెను పొయ్యిమీద కాచి, ఇంజనును గుడారపు గుడ్డతో కప్పి, క్రింద పొయ్యి పెట్టి వేడిచేసి, తిరిగి నూనె పోసిన పిమ్మట ఎగురుచుండిరి. గుడ్డ అంటుకొన్నచో విమానమే పోవును. 1941-42 చలికాలమున మాస్కో సమీపమున జర్మనుల ట్యాంకులకు, లారీలకు ఇదే విపత్తు వచ్చినది. ఇంజనుల క్రింద మంటలు పెట్టుట, నూనెలో పెట్రోలు కలిపి పలుచన చేయుట, రాత్రియంతయు ఇంజనులను ఆపక నడుపుట వంటి ఉపాయములకు వారు దిగవలసి వచ్చెను. ఆపక నడిపినందున కదలని బండ్లలోనే విలువైన ఇంధనము ఖర్చయ్యెను.

ఈ సమస్యకు శుభ్రమైన పరిష్కారము విద్యుత్తు వలన లభించినది. అమెరికాలో 1930ల మధ్యకాలమున పల్లెలలోని కమతములలో పదింట ఒకదానికి మాత్రమే విద్యుత్తు ఉండెడిది. 1935లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన తరువాత సహకార సంఘముల ద్వారా తీగలు పల్లెలకు సాగినవి. ఉత్తర డకోటా రాష్ట్రములో గ్రాండ్ ఫోర్క్స్ నగరమున అట్టి విద్యుత్ సహకార సంస్థకు అధికారిగా ఉన్న ఆండ్రూ ఫ్రీమన్, సిలిండరు తలను బిగించు బోల్టులలో ఒకదాని స్థానమున అమర్చదగిన విద్యుత్ హీటరును రూపొందించెను. దానికి 1949లో పేటెంటు లభించెను. బోల్టు లోపలి తీగ కాగినపుడు దాని చుట్టునున్న నీరు వేడెక్కి పైకి లేచును. చల్లని నీరు దాని చోటికి వచ్చును. ఈ సంవహనము వలన పంపు లేకయే ఇంజను దిమ్మ యంతయు వెచ్చబడును. తరువాత వచ్చిన బ్లాక్ హీటరులను బోల్టు చోట గాక, దిమ్మ ప్రక్కనున్న రంధ్రములలోను, నీటి గొట్టముల మధ్యను అమర్చసాగిరి.

నేడు కెనడాలో ఎడ్మంటన్, విన్నిపెగ్ వంటి నగరములలో కారు ముందుభాగమునుండి ప్లగ్గుతీగ వ్రేలాడుట, బండ్లు నిలుపు చోట విద్యుత్ సాకెట్లు ఉండుట సామాన్యము. ఉద్యోగములకై అక్కడికి పోయిన తెలుగువారు మొదటి చలికాలములో నేర్చుకొను పాఠములలో ఇదియు ఒకటి.

హీటరును ఎంతసేపు ఉంచవలెను? దీనికి కూడ లెక్క కలదు. 150 కిలోల ఇనుము, 8 లీటర్ల శీతలీకరణ ద్రవము, 5 లీటర్ల నూనె గల ఇంజనును ఒక డిగ్రీ వేడెక్కించుటకు సుమారు 105 కిలోజౌళ్లు కావలెను. 30 డిగ్రీలు పెంచుటకు 3,150 కిలోజౌళ్లు. 500 వాట్ల హీటరు దీనిని 6,300 సెకనులలో, అనగా గంటా ముప్పావులో ఇచ్చును. గాలికి పోవు వేడిని కూడ కలిపినచో రెండు, మూడు గంటలు. కావున ప్రయాణమునకు ఆ మాత్రము ముందు వేసిన చాలును. రాత్రియంతయు వేసి యుంచిన, అదనపు విద్యుత్తు బయటి చలిని కాచుటకే ఖర్చగును.

విద్యుత్తు రెండు దారులు

విద్యుత్తు పల్లెకు వచ్చినపుడు ఉత్తర డకోటాలో అది ఇంజనును వెచ్చజేసెను. కరీంనగరులో అది ఇంజనునే తొలగించెను. సింగరేణి బొగ్గు, గోదావరి నీరు రెండును దగ్గర నున్న రామగుండమున 1971లో 62.5 మెగావాట్ల విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించెను. జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ వారి మహాకేంద్రములో తొలి 200 మెగావాట్ల యూనిటు 1983లో నడచెను. ఆ కేంద్రము సామర్థ్యము క్రమముగా 2,600 మెగావాట్లకు పెరిగినది. తీగ చేరిన బావిపై ఆయిలింజను స్థానమును విద్యుత్ మోటారు ఆక్రమించెను. మోటారుకు సంపీడనము లేదు, తొలివేడి అవసరము లేదు. చలి ఉదయమున కూడ మీట నొక్కగానే తిరుగును. 2018 జనవరి 1 నుండి తెలంగాణములో వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనది. హ్యాండిలు తిప్పిన తరము క్రమముగా జ్ఞాపకముగా మారెను.

ఐనను బ్లాక్ హీటరు మన ఉష్ణదేశమునకు మరియొక ద్వారమున ప్రవేశించినది. విద్యుత్కేంద్రములు, పెద్ద ఆస్పత్రులు, డేటా కేంద్రములు మొదలగు చోట్ల తీగలో విద్యుత్తు పోయినపుడు ఆదుకొనుటకు డీజిలు జనరేటరులు సిద్ధముగా నుండును. ముఖ్యమైన చోట్ల ఇవి పది సెకనుల ప్రాంతములో నడక అందుకొని పూర్తి భారమును మోయవలెను. శస్త్రచికిత్స గదిలో దీపము ఆరినపుడు ఇంజను వేడెక్కువరకు ఆగుడని చెప్పుటకు వీలులేదు. చల్లని ఇంజనుపై ఒక్కసారిగా భారము పడినచో ఇంధనము సరిగా మండదు, నూనె అన్ని బేరింగులకు వేళకు చేరదు, పిస్టనులు త్వరగా అరుగును. అందుచేత ఇట్టి ఇంజనుల నీటిని ఒక చిన్న హీటరు, థర్మోస్టాటు సాయముతో, చేతికి వెచ్చగా తగులు స్థితిలో ఎల్లప్పుడును ఉంచును. గడ్డకట్టు దేశములో చలిని గెలుచుటకు పుట్టిన సాధనము ఇక్కడ సమయమును గెలుచుటకు ఉపయోగపడుచున్నది.

లడఖులో డీజిలు, ఆదిలాబాదులో జాగ్రత్త

ఇంజనును వెచ్చజేసిన మాత్రమున చలి సమస్య పూర్తిగా తీరదు. డీజిలులో మైనపు జాతి హైడ్రోకార్బనులు కరగి యుండును. చలి హెచ్చినకొలది అవి స్ఫటికములై వడపోత గుడ్డను మూసివేయును. తరువాత డీజిలు ప్రవహించుటయే మానును. భారతీయ ప్రమాణముల ప్రకారము డీజిలు ప్రవాహ బిందువు వేసవిలో 15 డిగ్రీలను, శీతకాలములో 3 డిగ్రీలను మించరాదు. ఇది మైదానములకు చాలును. లడఖులో చాలదు. అక్కడి వాహనములకొరకు ఇండియన్ ఆయిల్ సంస్థ పానిపట్టు శుద్ధి కర్మాగారమున ప్రత్యేకమైన డీజిలును తయారుచేసి 2019 నవంబరులో విడుదల చేసెను. అది శూన్యమునకు దిగువ 33 డిగ్రీల వరకు ప్రవహించును.

ఈ కొలతలను బట్టి చూడగా ఆదిలాబాదు చలికి రోడ్డు వాహనములలో బ్లాక్ హీటరు అవసరము లేదని తేలును. సిలిండరు గదిని క్షణములలో వెచ్చజేయు గ్లోప్లగ్గులు, చలిలోను పలుచగా ఉండు బహుతరగతి నూనెలు, కచ్చితముగా ఇంధనము చిమ్ము యంత్రాంగము నేటి ఇంజనులకు కలవు. పాత బండి గలవారు బ్యాటరీని బాగుగా నింపి యుంచుట, తయారీదారు చెప్పిన తరగతి నూనెనే వాడుట చాలును. చేయరానివి రెండు కలవు. నూనెతొట్టి క్రిందను, డీజిలు ట్యాంకు క్రిందను మంట పెట్టుట మొదటిది. కారిన నూనె అంటుకొన్నచో బండితోబాటు మనిషియు కాలును. మూసిన షెడ్డులో ఇంజనును నడుపుచు వేడెక్కించుట రెండవది. పొగలోని కార్బను మోనాక్సైడుకు రంగులేదు, వాసనలేదు, కాని అది ప్రాణము తీయును.

ఉపాధ్యాయులు ఈ పాఠమును తరగతిలో సులభముగా చూపవచ్చును. సైకిలు పంపు మూతిని వ్రేలితో మూసి పదిసార్లు వేగముగా కొట్టిన, పంపు అడుగు భాగము చేతికి వేడిగా తగులును. అదే పనిని మిక్కిలి మెల్లగా చేసిన, వేడి తెలియదు. రెండు గాజుగొట్టములలో ఆముదము పోసి, ఒకదానిని ఎండలోను, మరియొకదానిని మంచునీటిలోను కొంతసేపు ఉంచి, ఒక్కొక్క దానిలో ఒకే పరిమాణముగల గోళీని వదలి, అడుగు చేరు కాలమును గడియారముతో కొలువవలెను. మొదటి ప్రయోగములో డీజిలు ఇంజను నడచు కారణమును, రెండవదానిలో చలి ఉదయమున అది మొరాయించు కారణమును విద్యార్థులు తమ చేతులతోనే గ్రహింతురు.